విండోస్‌లో చెరిపినా ఉబుంటులో తగ్గని డిస్కు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిదీ ఒకటే గోల: లాప్‌టాప్ నిండిపోయింది. ఎక్కువ ఉత్తరాలు మన విశాఖ నుంచే వచ్చాయి. సెమిస్టర్ చివర్లో ఇది మామూలే. లాబ్ కోసం ఒక లినక్స్, ప్రాజెక్టు కోసం ఇంకో లినక్స్, ఎవరో ఒక మాస్టారు పట్టుబట్టినందుకు ఒక విండోస్, ఇలా ఒక్క లాప్‌టాప్‌లో ముగ్గురు నలుగురు కాపురం పెడతారు. కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇలాంటి కంప్యూటర్లనే వర్చువల్ మెషీన్లంటారు, జవాబుల్లో ‘యంత్రం’ అన్నది వీటినే. చోటు చాలడం లేదని అందరికీ తెలుసు. ఎక్కడ పోయిందో కొలిచి చూసినవారు మాత్రం తక్కువ.

ఒక మాట ముందే చెబుతాను. పత్రిక పద్ధతి ప్రకారం కమాండ్లను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి చెబుతాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాది పాత లాప్‌టాప్, 256 జీబీ ఎస్ఎస్‌డీ డిస్కు, ఉబుంటు లినక్స్. అందులో వర్ట్-మేనేజర్ అనే ప్రోగ్రాంతో మూడు వర్చువల్ మెషీన్లు పెట్టుకున్నాను: విండోస్ 10, ఇంకో రెండు లినక్స్‌లు డెబియన్, ఆల్మాలినక్స్. విండోస్ డిస్కుకు 80 జీబీ ఇచ్చాను. నిన్న అది దానంతట అదే ఆగిపోయి ‘పాజ్డ్’ అని చూపించింది. అంతకుముందే విండోస్ లోపల ముప్పై జీబీకి పైగా పాత ఇన్‌స్టాలర్లు, వీడియోలు చెరిపేశాను. అయినా ఉబుంటులో ఒక్క జీబీ కూడా పెరగలేదు. ద్వారకా నగర్‌లో ఒక దుకాణంలో అడిగితే 1 టీబీ డిస్కు వేయించుకోవడం తప్ప దారి లేదన్నారు. నాన్నగారిని ఇప్పుడు డబ్బు అడగలేను. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: ముందు ఆగిపోయిన యంత్రం సంగతి చూద్దాం. అది పాడై ఆగలేదు. లోపల విండోస్ ఏదో రాయబోయింది, బయట ఉబుంటులో రాయడానికి చోటు లేదు. అలాంటప్పుడు క్యూఈఎంయూ (వర్ట్-మేనేజర్ వెనక ఉండి యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం) ఆ యంత్రాన్ని ఎక్కడిదక్కడ నిలిపేస్తుంది. మీరు చోటు కల్పించి ‘రెజ్యూమ్’ నొక్కితే ఆగిన రాత దగ్గరి నుంచే సాగిపోతుంది. కాబట్టి ‘ఫోర్స్ ఆఫ్’ జోలికి వెళ్లకండి. నిలిచిన రాత సగంలో పోయి, విండోస్ ఫైళ్లు దెబ్బతినే అవకాశం అప్పుడే ఉంటుంది.

తక్షణం నాలుగైదు జీబీలు చాలు. ఉబుంటు చెత్తబుట్ట ఖాళీ చేయండి. ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొట్టండి. ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ కొడితే పాత లాగ్‌లు (వ్యవస్థ రాసుకునే చిట్టాలు) పోతాయి, ఇందులో 200 పక్కనున్న ఎం పెద్ద అక్షరం. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో విండోస్ ఐఎస్ఓ ఫైలు (విండోస్ వేయడానికి దింపుకున్నది) ఇంకా అలాగే ఉందని పందెం కాస్తాను, అందరి లాప్‌టాప్‌లలోనూ ఉంటుంది. అదొక్కటే అయిదారు జీబీలు. అయితే చెరిపేముందు వర్ట్-మేనేజర్‌లో ఆ యంత్రపు సీడీ డ్రైవ్‌లోంచి దాన్ని తీసేయండి. లేకపోతే ఈసారి ఆన్ చేసేటప్పుడు ఫైలు కనిపించడం లేదని యంత్రం మొరాయిస్తుంది.

ఇలా చోటు చేసుకుని విండోస్‌ను రెజ్యూమ్ చేసి, లోపలి నుంచి పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలుగా నొక్కితే విండోస్ ‘ఫాస్ట్ స్టార్టప్’ పేరుతో సగం నిద్రలో ఉంటుంది, పూర్తిగా ఆగదు. ఆ స్థితిలో ఉన్న డిస్కు మీద బయటి పనిముట్లు పనిచేయకూడదు.

ఇక అసలు విషయం. విండోస్ తన డిస్కు అనుకునేది ఉబుంటులో ఒక పెద్ద ఫైలు మాత్రమే. మీ విండోస్ డిస్కుకు మూడు వేరువేరు కొలతలున్నాయి, మీరు మూడింటినీ ఒకటే అనుకుంటున్నారు. ‘సుడో క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో’ అని కొట్టి, పక్కన ఆ డిస్కు ఫైలు పేరు ఇవ్వండి. ‘వర్చువల్ సైజ్’ అని ఒక అంకె వస్తుంది, మీ విషయంలో 80. అది విండోస్‌కు మీరిచ్చిన మాట మాత్రమే, ఇంకా ఖర్చు కాలేదు. దాని కిందే ‘డిస్క్ సైజ్’ అని ఇంకో అంకె ఉంటుంది. ఎస్ఎస్‌డీ మీద ఆ ఫైలు నిజంగా ఆక్రమించింది అది. మూడోది విండోస్ లోపల ‘దిస్ పీసీ’లో కనిపించే వాడుక. ఉదాహరణకు మీ ఫైలు 71 చూపిస్తోందనీ, విండోస్ మాత్రం తాను వాడుతున్నది 38 అంటోందనీ అనుకుందాం. ఆ మధ్య ఉన్న 33 జీబీలే మీరు వెతుకుతున్నవి. అవి ఎక్కడికీ పోలేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, మీ డిస్కు ఫైలు క్యూకౌ-2 రకం. లోపల రాసేకొద్దీ 64 కేబీ ముక్కలుగా పెరుగుతుంది. విండోస్‌లో ఒక ఫైలు చెరిపితే, ‘ఈ చోటు ఇక నాకక్కర్లేదు’ అని విండోస్ తన పట్టికలో రాసుకుంటుంది, అంతే. అద్దెకున్నవారు గది ఖాళీ చేసి, తాళంచెవి మాత్రం ఇంటావిడకు ఇవ్వకుండా వెళ్లిపోయినట్టు. గది ఖాళీయే, కానీ ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఆ తాళంచెవి తిరిగి అప్పగించే పద్ధతినే ‘ట్రిమ్’ అంటారు, ‘డిస్కార్డ్’ అని కూడా అంటారు. లోపల విండోస్ దాన్ని పంపాలి, బయట క్యూఈఎంయూ అందుకోవాలి. ఏ ఒక్కరు పట్టించుకోకపోయినా ఫైలు పెరగడమే తప్ప తరగడం ఉండదు.

బయటివైపు సరిచేయడం తేలిక. యంత్రం ఆగి ఉన్నప్పుడు వర్ట్-మేనేజర్‌లో దాని వివరాల్లోకి వెళ్లి, డిస్కు మీద నొక్కి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ‘డిస్కార్డ్ మోడ్’ను ‘అన్‌మ్యాప్’గా మార్చండి. తర్వాత విండోస్ ఆన్ చేసి, స్టార్ట్‌లో ‘డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్’ అని వెతికి తెరవండి. అక్కడ సీ డ్రైవ్ పక్కన మీడియా రకం రాసి ఉంటుంది. ‘థిన్ ప్రొవిజన్డ్ డ్రైవ్’ అనో ‘సాలిడ్ స్టేట్ డ్రైవ్’ అనో ఉంటే సంతోషం, ‘ఆప్టిమైజ్’ నొక్కండి. ‘హార్డ్ డిస్క్ డ్రైవ్’ అని ఉంటే మాత్రం ఆ బటన్ జోలికి పోకండి. అప్పుడది ట్రిమ్ చేయదు, ఫైళ్లను అటూ ఇటూ జరిపి డీఫ్రాగ్ చేస్తుంది. అలా జరిపినప్పుడల్లా ఇంతవరకూ తాకని చోట్ల కూడా రాత పడి, మీ క్యూకౌ ఫైలు ఇంకా ఉబ్బుతుంది. చోటు ‘శుభ్రం’ చేద్దామని ఈ బటన్ నొక్కి ఉన్నదీ పోగొట్టుకున్న పిల్లలను మా కాలేజీ లాబ్‌లో చాలామందిని చూశాను.

అలాంటప్పుడు డిస్కు రకాన్ని సాటా నుంచి వర్టియోకు (రెండూ యంత్రానికి డిస్కును తగిలించే పద్ధతులు) మార్చేద్దామని కొందరు సలహా ఇస్తారు. లోపల వర్టియో డ్రైవర్లు ముందుగా వేయకుండా మారిస్తే విండోస్ నీలితెరతో మొదలవుతుంది. పరీక్షల ముందు మీకా తద్దినం వద్దు. దానికి బదులు యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఉబుంటులో లిబ్‌గెస్ట్ఎఫ్ఎస్-టూల్స్ ప్యాకేజీ వేసుకుని, ‘సుడో వర్ట్-స్పార్సిఫై --ఇన్-ప్లేస్’ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి. అది బయటి నుంచే డిస్కు లోపలికి చూసి, ఎవరూ వాడని ముక్కలను వెనక్కి ఇచ్చేస్తుంది. రెండో కాపీకి చోటు అడగదు, మీలా గొంతుదాకా నిండినవారికి సరిపోయే గుణం అదే. ఆ పని జరుగుతుండగా యంత్రం నడుస్తూ ఉంటే మాత్రం డిస్కు పాడవుతుంది, కాబట్టి ఆగిందో లేదో రెండుసార్లు చూసుకోండి.

డెబియన్, ఆల్మాలినక్స్ విషయంలో ఇంత తతంగం లేదు. వాటికీ డిస్కార్డ్ మోడ్ అలాగే మార్చి, లోపల ‘సుడో ఎఫ్ఎస్‌ట్రిమ్ -ఏవీ’ కొట్టండి. ఏ విభాగం నుంచి ఎంత వెనక్కి పంపిందో లెక్కతో సహా చూపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక చాలామంది ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి, ఫైలు పరిమాణం తగ్గలేదని మళ్లీ ఉత్తరం రాస్తారు. అది తగ్గకపోవచ్చు. ఫైలు పొడవు పాతదే ఉంటుంది, మధ్యలో ముక్కలు మాత్రం డిస్కు నుంచి ఊడిపోతాయి. నిజమైన బరువు ‘డీయూ -హెచ్’లో కనిపిస్తుంది, లేదా ఇందాకటి ఇన్ఫోలో ‘డిస్క్ సైజ్’ చూడండి. రెండు అంకెలూ వేరుగా ఉంటే కంగారు పడకండి, మీ పని అయినట్టే.

స్నాప్‌షాట్ల సంగతి మీరు రాయలేదు. ఉంటే మాత్రం పైవన్నీ మొదలుపెట్టే ముందే వాటిని చూసుకోవాలి. స్నాప్‌షాట్ తీసిన రోజున డిస్కు ఎలా ఉందో అలాగే నిలిపి ఉంచడం దాని పని. అందువల్ల ఆ రోజున్న వీడియోలను మీరీరోజు చెరిపినా ఆ ముక్కలను అది వదలదు. ‘యూనిట్ టెస్టుకు ముందు’, ‘యూనిట్ టెస్టు తర్వాత’ అని పేర్లు పెట్టి దాచుకున్నవాటిలో ఇక వెనక్కి వెళ్లనివన్నీ తీసేయండి. అవి బ్యాకప్ అని కొందరు భరోసాగా ఉంటారు. అసలు డిస్కు ఉన్న ఫైలులోనే ఉండేది బ్యాకప్ ఎలా అవుతుంది? ఆ ఫైలు పోతే రెండూ పోతాయి.

1 టీబీ డిస్కు విషయానికి వస్తే, దుకాణంవారు అబద్ధం చెప్పలేదు, వారి దగ్గరున్న మందు అది. ముందు ఈ పని చేసి, తర్వాత లెక్క చూసుకోండి. ఇంకో లెక్క కూడా తెలిసి ఉండాలి. 256 జీబీ అని అమ్మినది లినక్స్‌లో సుమారు 238గా కనిపిస్తుంది. తయారీదారు వెయ్యితో గుణిస్తాడు, డిస్కులో ఖాళీ ఎంతో చూపే ‘డీఎఫ్ -హెచ్’ 1024తో లెక్కిస్తుంది. అందులో బూట్ విభాగం పోగా మిగిలిన దాంట్లో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతాన్ని రూట్ అనే నిర్వాహక ఖాతా కోసం పక్కన పెడుతుంది, అంటే ఇంచుమించు 12 జీబీ. నికరంగా మీ చేతికొచ్చేది 220 దరిదాపుల్లో. మీరు మాటిచ్చిన వర్చువల్ సైజులన్నీ కలిపి దీన్ని దాటితే, ఏదో ఒక రోజు మళ్లీ ‘పాజ్డ్’ చూస్తారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లాబ్ సాఫ్ట్‌వేర్‌కు వాడుకోండి కానీ, అందులో బ్యాంకు పనులు చేయకండి. 11కు మారాలంటే దానికి కనీసం 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. వర్ట్-మేనేజర్ టీపీఎంను సాఫ్ట్‌వేర్‌తోనే ఇవ్వగలదు, డిస్కును ఇవ్వలేదు.

ప్రశ్న: నేను ఉక్కునగరంలో ఉంటాను, ఉద్యోగ విరమణ తర్వాత లినక్స్ నేర్చుకుంటున్నాను. అక్కర్లేని వర్చువల్ డిస్కు ఒకటి, 40 జీబీలది, ‘ఆర్ఎమ్’తో చెరిపేశాను. ఫోల్డరులో లేదు. కానీ ‘డీఎఫ్’ చూస్తే వాడుక ఏమీ తగ్గలేదు. ‘డీయూ’ ఒక లెక్క చెబుతోంది, ‘డీఎఫ్’ ఇంకో లెక్క చెబుతోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయండీ. డీయూ ఫోల్డర్లలో పేరున్న ఫైళ్లను లెక్కపెడుతుంది. డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌ను నేరుగా అడుగుతుంది. మీరు పేరు చెరిపారు, ఫైలును ఇంకా ఎవరో తెరిచి పట్టుకున్నారు. బహుశా ఆ వర్చువల్ మెషీన్ ఎక్కడో నడుస్తూనే ఉంది. లినక్స్‌లో తెరిచి ఉన్న ఫైలుకు పేరు పోయినా ప్రాణం పోదు, పట్టుకున్న చివరి ప్రోగ్రాం వదిలాకే చోటు తిరిగొస్తుంది.

‘సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ కొట్టండి, ప్లస్ పక్కనున్న ఎల్ మాత్రం పెద్ద అక్షరం. చెరిపినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది. అందులో క్యూఈఎంయూ పేరు కనిపిస్తే ఆ యంత్రాన్ని ఆపండి, 40 జీబీలూ ఆ క్షణంలోనే డీఎఫ్‌లో కనిపిస్తాయి. ఆపేముందు ఒకసారి ఆలోచించుకోండి. పొరపాటున కావలసిన డిస్కును చెరిపి ఉంటే, అది నడుస్తున్నంతసేపే లోపలి ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకునే అవకాశం ఉంది. ఆపాక ఇక లేదు.

ఇకముందు ఆర్ఎమ్‌కు బదులు వర్ట్-మేనేజర్‌లోనే యంత్రాన్ని తొలగించండి. దానికి సంబంధించిన డిస్కులను కూడా చెరపాలా అని అదే అడుగుతుంది.

ప్రశ్న: సీతమ్మధారలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నాను. లినక్స్ లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (వర్ట్-మేనేజర్ లాంటి ఇంకో ప్రోగ్రాం), అందులో విండోస్, అందులో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. దాని డిస్కు ఫైలు (వీడీఐ) 95 జీబీ అయింది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే, ఖాళీ ఉన్నా ఫైలు మరీ పెద్దదంటోంది. ఫైలు తగ్గించడం కూడా చెప్పండి.

జవాబు: మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా అంతే. లినక్స్‌లోనే వాడేటట్టయితే ఎక్స్‌ట్4లో ఫార్మాట్ చేయండి. విండోస్ కంప్యూటర్లలోనూ తగిలించాలంటే ఎక్స్‌ఫ్యాట్, కానీ ‘ఎజెక్ట్’ నొక్కకుండా పీకే అలవాటు ఉంటే మానుకోవాలి. అన్నట్టు, క్లయింట్ల లెక్కలున్న డిస్కును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కడం నాకు నచ్చలేదు. ఆఫీసులోనే ఒక బయటి ఎస్ఎస్‌డీ పెట్టించమని ఆడిటర్ గారిని అడగండి, పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి వాడండి.

తగ్గించడానికి ముందు స్నాప్‌షాట్లున్నాయేమో చూడండి. వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ చెరపడమంటే, అది తీశాక జరిగిన మార్పులున్న తేడా ఫైలును అసలు దాంట్లో కలపడం. దానికి తాత్కాలికంగా అదనపు చోటు, చాలా సమయం పట్టవచ్చు. మధ్యలో ఆపకండి, ఆఫీసు మూసే వేళ మొదలుపెట్టకండి. తర్వాత విండోస్ లోపల మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌డిలీట్ తెచ్చుకుని ‘ఎస్‌డిలీట్ -జెడ్ సీ:’ అని నడపండి. ఖాళీ చోటంతా సున్నాలతో నింపుతుంది. షట్‌డౌన్ చేసి, లినక్స్‌లో ‘వీబాక్స్‌మేనేజ్ మాడిఫైమీడియం డిస్క్’ అని ఫైలు పేరిచ్చి, చివర ‘--కాంపాక్ట్’ చేర్చండి. కమాండ్ పేరులో వీ, బీ, ఎం పెద్ద అక్షరాలు. సృష్టించేటప్పుడు ‘డైనమికల్లీ అలొకేటెడ్’ ఎంచుకున్న డిస్కుకే ఇది పనిచేస్తుంది.

ప్రశ్న: రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వర్ట్-మేనేజర్ వాడతాను. వ్యవస్థ ఫైళ్లుండే రూట్ విభాగం 40 జీబీ, సొంత ఫైళ్లుండే హోమ్ 400 జీబీ. హోమ్ అంతా ఖాళీ, రూట్ మాత్రం నిండిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ఎవరు చెప్పారో మీకీ విభజన, సర్వర్ల కాలపు అలవాటు. వర్ట్-మేనేజర్ మామూలుగా డిస్కులను స్లాష్ వార్ స్లాష్ లిబ్ స్లాష్ లిబ్‌వర్ట్ స్లాష్ ఇమేజెస్‌లో పెడుతుంది. అది రూట్ విభాగంలో ఉంది. హోమ్‌లో కొత్త స్టోరేజ్ పూల్ (డిస్కు ఫైళ్లు ఉంచే చోటు) చేసుకుని, యంత్రాలు ఆపి, ఫైళ్లు జరిపి, ఒక్కో యంత్రం వివరాల్లో కొత్త దారి ఇవ్వండి.

ఇక్కడ అందరూ తగులుకునే ముల్లు ఒకటుంది. యంత్రాన్ని నడిపేది మీ పేరుతో కాదు, ఉబుంటులో లిబ్‌వర్ట్-క్యూఈఎంయూ అనే వేరే వాడుకరి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించిన వాడుకరుల హోమ్ ఫోల్డర్లలోకి ఇతరులు తొంగిచూడలేరు. దాంతో ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. విసిగిపోయి హోమ్ మొత్తానికి 777 అనుమతులు, అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అని, ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీ పేరున్న ఫోల్డరు లోపల కాకుండా, స్లాష్ హోమ్ కింద దాని పక్కనే ‘వీఎంలు’ లాంటి ఇంకో ఫోల్డరును సుడోతో తెరవండి. విభాగం అదే, 400 జీబీలూ అందుతాయి, మీ సొంత ఫైళ్ల తలుపు మూసే ఉంటుంది.

డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) కూడా వాడుతున్నట్టయితే ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ ఒకసారి చూడండి. రూట్ నిండడంలో దాని వాటా ఎంతో తెలుస్తుంది.

ప్రశ్న: మధురవాడ దగ్గర ఒక కళాశాలలో లాబ్ చూస్తాను. ఒక్కో లాప్‌టాప్‌లో ఒకే డెబియన్ నుంచి అయిదు యంత్రాలు కావాలి. అయిదుసార్లు కాపీ చేయడం తప్పదా?

జవాబు: తప్పుతుంది. ఒక్క డెబియన్‌ను పూర్తిగా సిద్ధం చేసి ఆపేయండి. దాన్ని మాతృకగా ఉంచి, మిగతావాటికి తేడాలు మాత్రం రాసుకునే పొరలు తయారు చేయండి: ‘క్యూఈఎంయూ-ఐఎంజీ క్రియేట్ -ఎఫ్ క్యూకౌ2 -బీ మాతృక -ఎఫ్ క్యూకౌ2 కొత్తది’. ఇందులో రెండో ఎఫ్ పెద్ద అక్షరం, మాతృక, కొత్తది అన్న చోట ఫైలు పేర్లు. ఒక్కో పొర మొదట్లో కొన్ని వందల కేబీలే ఉంటుంది, విద్యార్థి ఏం చేస్తే అంత పెరుగుతుంది.

నియమం ఒకటే: పొరలు పుట్టాక మాతృకను మళ్లీ ఎప్పుడూ ఆన్ చేయకూడదు. అందులో ఒక్క అక్షరం మారినా పైనున్న అయిదూ పనికిరాకుండా పోతాయి. ‘సీహెచ్‌మాడ్ 444’తో దాన్ని చదవడానికే పరిమితం చేయండి, పేరులోనే ‘ముట్టుకోవద్దు’ అని పెట్టినా నేను నవ్వను. మాతృక ఉన్న దారి పొరలో రాసి ఉంటుంది కనుక ఫోల్డరు మార్చకండి. అయిదు యంత్రాల్లోనూ హోస్ట్ పేరు (నెట్‌వర్క్‌లో యంత్రం పేరు), మెషీన్ ఐడీ (దాని గుర్తింపు సంఖ్య) ఒకటే అవుతాయి, నెట్‌వర్క్ పాఠం మొదలుపెట్టే ముందు మార్చుకోండి.

ప్రశ్న: భీమిలి దగ్గర ఉంటాం. తుపాను రోజుల్లో కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, వర్చువల్ మెషీన్ నడుస్తుండగానే లాప్‌టాప్ ఆరిపోయింది. మళ్లీ ఆన్ అయింది కానీ డిస్కు ఫైలు మునుపటికంటే పెద్దదిగా అనిపిస్తోంది. పాడైందా?

జవాబు: 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు మనది, ఈ ప్రశ్న ఇక్కడివారు అడగడంలో ఆశ్చర్యం లేదు. యంత్రాన్ని ఆపి ‘సుడో క్యూఈఎంయూ-ఐఎంజీ చెక్’ అని ఫైలు పేరు ఇవ్వండి. ‘లీక్డ్ క్లస్టర్స్’ అని మాత్రమే చెబితే సమాచారానికి నష్టం లేదు. ఆరిపోయే క్షణంలో తీసుకున్న కొన్ని ముక్కలు ఎవరి లెక్కలోనూ చేరకుండా మిగిలిపోయాయి, చోటు వృథా, అంతే. ‘-ఆర్ లీక్స్’ చేర్చి మళ్లీ నడిపితే సర్దేస్తుంది. ‘ఎర్రర్స్’ అని చెబితే మాత్రం ఆగండి. ముందు ఫైలును బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే ‘-ఆర్ ఆల్’ ప్రయత్నించండి. ఆ మరమ్మతు తప్పుగా ఊహిస్తే ఇంకా పాడుచేయగలదు.

ఈసారి బ్యాటరీ ఇరవై శాతానికి దిగగానే వర్ట్-మేనేజర్‌లో షట్‌డౌన్ మెనూ కింద ఉన్న ‘సేవ్’ నొక్కండి. యంత్రపు మెమరీ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసి ఆపేస్తుంది, కరెంటు వచ్చాక వదిలిన చోటి నుంచే మొదలవుతుంది. ఆ ఫైలు రూట్ విభాగంలో పడుతుంది. 4 జీబీ ర్యామ్ ఇచ్చిన యంత్రానికి అది 4 జీబీ దాకా రావచ్చు. వాన మబ్బు కనిపించినప్పుడే ఒకసారి ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి, అంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి.